పంతులమ్మ కొట్టేయించిన మాట

మా ఆసుపత్రిలో డాక్టర్లందరూ భయపడే మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ డాక్టరు కాదు, నర్సు కాదు, మేనేజరు అసలే కాదు. నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే గది పక్కన, నా కుర్చీకి కుడివైపు కుర్చీలో కూర్చుని జబ్బులకు కోడ్లు వేసేది. పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. డాక్టర్లు వెక్కిరింతగా పెట్టిన పంతులమ్మ అన్న పేరే స్థిరపడిపోయింది. నేను మాత్రం అక్కా అనేదాన్ని. నాకు ఈ పని నేర్పింది ఆవిడే.

ఇప్పుడు మా ఆఫీసులో ఆవిడ గురించి ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పుకుంటున్నారు. నిన్న గాక మొన్న చేరిన పిల్లలు కూడా కాఫీ కప్పు పట్టుకుని, "పాపం, సొంత చెల్లెలికే అలా చేసుకుందట" అంటారు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. తొమ్మిదేళ్ళు ఆ పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని నేను. చెప్పాల్సివస్తే నేను చెప్పాలి గానీ వీళ్ళెవరు?

మా పని ఏమిటో చాలామందికి తెలియదు. మా అత్తగారైతే ఇప్పటికీ నేను ఆసుపత్రిలో టైపు కొడతాననే అనుకుంటుంది. డాక్టరు రోగిని చూసి నోటు రాస్తాడు. ఆ నోటు మా తెర మీదికి వస్తుంది. రోగి పేరు కనిపించదు, నంబరు ఒక్కటే ఉంటుంది. ఎవరి గుట్టు ఎవరికీ తెలియకూడదని ఆ ఏర్పాటు. లోకంలో ప్రతి జబ్బుకీ ప్రతి నొప్పికీ ఒక కోడు ఉంది. నోటు చదివి సరైన కోడు వెతికి వేయడమే మా ఉద్యోగం. మంచం మీంచి పడితే ఒకటి, కుర్చీలోంచి పడితే ఇంకొకటి. చిలక కరిస్తే వేయడానికి కూడా ఒకటుంది. తొమ్మిదేళ్ళలో ఏ చిలకా ఎవర్నీ కరిచిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

ఇందులో ఒక పెద్ద నియమం ఉంది. వచ్చి చూపించుకుని ఇంటికి వెళ్ళిపోయే రోగి నోటులో డాక్టరు 'అనుమానం' అనో 'కావచ్చు' అనో రాస్తే, ఆ జబ్బు కోడు మేం వేయకూడదు. లక్షణానికే వేయాలి. నొప్పి అంటే నొప్పి, జ్వరమంటే జ్వరం. నియమం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. అనుమానానికి కోడు వేసేస్తే, రేపు కాదని తేలినా ఆ జబ్బు ఆ మనిషి నెత్తిన అలాగే కూర్చుంటుంది. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ నియమం కోడు వేసే మాకు. డాక్టరు ఏం రాయాలో, ఏం రాయకూడదో అది చెప్పదు. మేం చేసిన పాపమంతా ఆ ఒక్క చోటే ఉంది.

అక్క మనిషి ఎలా ఉండేదంటే, అన్నీ గీత గీసినట్టు ఉండాలి. జడలో ఎప్పుడూ ఒక పెన్సిలు. పన్నెండున్నర కొట్టగానే క్యారియరు మూత తీసేది, పన్నెండూ ఇరవై తొమ్మిదికి తీయమంటే ప్రాణం పోయినా తీయదు. ఫుల్‌స్టాప్ లేని వాక్యం చూస్తే ఆవిడకు తలనొప్పి వచ్చేది. డాక్టర్ల రాతలకు అలాంటి మనిషిని కాపలా పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

నెలకోసారి పైనుంచి తనిఖీవాళ్ళు వచ్చేవారు. ఓ యాభై నోట్లు తీసి, మేం వేసిన కోడ్లతో పోల్చేవారు. నోటులో జబ్బు పేరుండి, మా కోడులో నొప్పి అని ఉంటే ఎర్ర గుర్తు పెట్టేసేవారు. 'అయ్యా, అక్కడ అనుమానం అని ఉంది, అందుకని వేయలేదు' అంటూ ప్రతి దానికీ ఒక పేజీ సంజాయిషీ రాసుకోవాలి. రాసి రాసి విసిగిపోయాం. అప్పుడు అక్కకు ఒక ఆలోచన వచ్చింది. మా సంజాయిషీ ఎందుకు, అసలు నోటులోనే ఆ మాట లేకుండా చేస్తే పోలేదా?

అలా పుట్టింది ప్రశ్న చీటీ. నోటులో 'అనుమానం' కనిపించగానే డాక్టరు తెర మీదికి ఒక చీటీ వెళ్ళేది. "నిర్ధారణ అయితే జబ్బు రాయండి. కాకపోతే లక్షణం మాత్రమే రాయండి." మూడు రోజుల్లో దిద్దకపోతే ఆ డాక్టరు పేరు మీద ఎర్ర గీత. మొదట్లో వాళ్ళు గొణిగారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత దారికొచ్చారు. ఆరు నెలలు తిరిగేసరికి చీటీ పంపే పనే తగ్గింది. వాళ్ళే ముందుజాగ్రత్తగా 'నొప్పి' అని రాసి ఊరుకుంటున్నారు. మా తప్పుల పట్టిక సున్నాకు వచ్చింది. మేనేజరు అక్కకు ఒక గాజు పలక బహూకరించి ఫోటో తీయించాడు. ఆ రోజు ఆవిడ పక్కన నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా చేతులు నాకే అసహ్యం.

ఎదురు తిరిగింది ఒక్క పెద్ద డాక్టరమ్మే. ఆడవాళ్ళ విభాగంలో అందరికన్నా సీనియరు, పొడుగు మనిషి, నోరు మంచిది కాదు, చెయ్యి మంచిదని పేరు. ఒక రోజు చీటీ కాగితం మీద అచ్చు వేయించుకుని, మెట్లు దిగి మా గదిలోకి నేరుగా వచ్చేసింది.

"ఏమ్మా పంతులమ్మా, ఇది నువ్వేనా పంపింది?"

"అవును మేడమ్. నోటులో 'అనుమానం' అని రాశారు," అంది అక్క లేచి నిలబడి.

"అనుమానం కాబట్టి అనుమానం అని రాశాను. మరేం రాయమంటావు, నీ తలకాయా?"

"నిర్ధారణ అయితే అయిందని రాయండి. లేదంటే లక్షణం రాయండి మేడమ్. రెండూ కాకపోతే మాకు ఇబ్బంది."

"ఇది ఎండోమెట్రియోసిసమ్మా. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట ఎక్కడపడితే అక్కడ పెరుగుతుంది. ఖాయంగా తెలియాలంటే పొట్టకు రంధ్రం పెట్టి కెమెరాతో చూడాలి. ఆ పిల్ల పోయిన వారమే మొదటిసారి వచ్చింది. వచ్చిన రోజే కోసేయమంటావా?"

"అలా అని కాదు మేడమ్..."

"ఆ మాట నీ కోసం రాయలేదు. నా తర్వాత ఆ పిల్లని చూసేవాళ్ళ కోసం రాశాను. ఇంకో రెండు నెలల్లో నేను రిటైరైపోతున్నాను. అర్థమవుతోందా?"

అక్క గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు, అదే ఆవిడతో వచ్చిన చిక్కు. "నా సొంత పెత్తనం కాదు మేడమ్. అందరికీ ఒకటే పద్ధతి. ఎల్లుండికి మూడు రోజులవుతుంది," అంది.

పెద్ద డాక్టరమ్మ కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పైన ఆవిడ కోసం వరండా నిండా జనం ఉండి ఉంటారు. రెండు నెలల్లో పోయేదాన్ని, నాకెందుకీ గోల అనుకుందేమో. ఆవిడే అక్క ముందున్న తెర మీదికి వంగి, ఒంటి వేలితో టక్కు టక్కున పాత నోటు చెరిపేసి, కొత్తది కొట్టింది. "ఇదిగో, నొప్పి. సంతోషమా?" అని వెళ్ళిపోయింది.

"చూశావా, ఎంత పెద్దవాళ్ళయినా వినాల్సిందే," అంది అక్క నాతో. నేను నవ్వాను. ఆ పిల్ల ఎవరో మా ఇద్దరికీ తెలియదు. తెర మీద నంబరు ఒక్కటే ఉంది.

ఇక అక్క చెల్లెలి సంగతి చెప్పాలి. అక్కకన్నా పన్నెండేళ్ళు చిన్నది. తల్లి పోయినప్పుడు ఆ పిల్లకు నాలుగేళ్ళు, తండ్రి అంతకు ముందే లేడు. పదహారేళ్ళ అక్క ఆ పిల్లకు అన్నం తినిపించి, జడలు వేసి, స్కూల్లో దింపి, తను సాయంత్రం క్లాసుల్లో చదువుకుంది. పెళ్ళి మాట ఎత్తితే, "నాకు ఒక కూతురుంది కదా, ఇంకేం కావాలి?" అనేది. ముప్ఫై దాటినా అక్క నోట ఆమె పాపాయే. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ఇద్దరే మనుషులు.

పాపాయి సిటీ బస్సులో కండక్టరు. మాటకారి, గలగలలాడుతూ ఉండేది. కిక్కిరిసిన బస్సులో కూడా జనాన్ని నవ్విస్తూ ముందుకు జరిపేదట. "లోపల ఇల్లు కట్టుకోవచ్చు, అంత ఖాళీ ఉంది, జరగండి బాబూ" అనేదట. అప్పుడప్పుడూ డ్యూటీ దిగి మా నేలమాళిగకు వచ్చేది. నన్ను చిన్నక్కా అనేది. వస్తే మా గదికి కాస్త వెలుతురు వచ్చేది.

కానీ నెలలో నాలుగైదు రోజులు ఆ పిల్ల మనిషి కాదు. పదమూడో ఏట నెలసరి మొదలైనప్పటి నుంచీ అంతే. నొప్పంటే మామూలు నొప్పి కాదు. బస్సులో కంబీకి మోచెయ్యి మెలేసి, పళ్ళు బిగపట్టి టిక్కెట్లు కొట్టేది. ఒకసారి డిపోలో టాయిలెట్ గచ్చు మీద పడుకుండిపోతే తలుపు పగలగొట్టి తీశారు. "నాకు లోపల ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టుంటుంది చిన్నక్కా" అని నాతో ఒకసారి అంది. డిపో గుమాస్తా మాత్రం, "ఆడవాళ్ళు ఇంతమంది పనిచేస్తున్నారు, నెలనెలా నీ ఒక్కదానికేనా?" అనేవాడు.

మా ఆసుపత్రికే వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు ఇరవై నాలుగేళ్ళు. అక్కకు చెప్పింది కూడా: ఒక పొడుగావిడ చాలాసేపు చూసింది, ఎక్కడెక్కడ నొప్పో గుచ్చి గుచ్చి అడిగింది, మూడు నెలలాగి వస్తే స్కాన్ చేయిస్తానంది. మూడు నెలల తర్వాత వెళితే ఆ పొడుగావిడ లేదు. ఆ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. "స్కాన్ అన్నారండీ" అంటే, ఆయన తెర చూసి, "ఇందులో అలాంటిదేమీ లేదే, నొప్పి అని మాత్రమే ఉంది" అని మాత్రలు రాసి పంపాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆయన రాసింది చూశారు. వాళ్ళ తర్వాతివాళ్ళు వాళ్ళు రాసింది చూశారు. ఒకావిడ పెళ్ళయితే తగ్గుతుందంది. ఇంకొకాయన నొప్పి తట్టుకునే శక్తి కొందరికి తక్కువ అన్నాడు. ఏడేళ్ళు గడిచిపోయాయి.

మధ్యలో ఒకసారి పాపాయి తన కాగితాలన్నీ అచ్చు వేయించుకుని ఇంటికి తెచ్చి అక్క ముందు పెట్టింది. "నీకిది చదవడం వచ్చు కదా. నాకేముందో నువ్వు చెప్పక్కా" అందట. మర్నాడు అన్నం తింటూ అక్క నాకు ఇదంతా చెప్పింది. పెన్సిలు తీసి, పదకొండు నోట్లు మాట మాటా చదివిందట. "ఒక్కదాంట్లో కూడా ఏమీ లేదే. పదకొండు మంది డాక్టర్లు ఒకే మాట రాశారంటే అది నిజమే కదా? నీకున్నది నొప్పే పాపాయ్, నువ్వే మరీ బెంబేలు పడుతున్నావు, కాస్త గట్టిగా ఉండాలి, అని చెప్పాను," అంది. చెబుతుంటే మొహంలో పెద్ద బరువు దిగిన నిశ్చింత. నేను కూడా, "హమ్మయ్య, పోనీలే అక్కా" అన్నాను. నా నోరు పడిపోను.

ఆ తర్వాత పాపాయి నొప్పి గురించి ఇంట్లో మాట్లాడటం, డాక్టర్ల దగ్గరికి వెళ్ళడం రెండూ మానేసింది. మా గదికి రావడం కూడా తగ్గించింది. మేం తగ్గిందనుకున్నాం.

పోయిన సంవత్సరం డిపోలో ఏటా చేసే పరీక్షల్లో ఆ పిల్లకు రక్తపోటు బాగా ఎక్కువుందని తేలింది. ముప్ఫై ఒక్క ఏళ్ళకు అంత ఉండటమేమిటని అక్కడి డాక్టరు కడుపు స్కానింగుకు పంపాడు. ఎడమ కిడ్నీ నీళ్ళు నిండి ఉబ్బిపోయి ఉంది. లోపల పనిచేసే కండ పొరలా పలచబడిపోయింది. అది చేసే పని నూటికి నాలుగు వంతులు కూడా లేదు. కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టాన్ని బయటినుంచి ఏదో పట్టి నొక్కేస్తోంది. ఆపరేషను చేసి చూస్తే అదే, ఎండోమెట్రియోసిస్. గర్భసంచి బయట ఆ పొర పెరిగి పెరిగి, పేగుకూ మూత్రనాళానికీ అతుక్కుపోయింది. కిడ్నీ తీసేశారు.

బయటికొచ్చి సర్జన్ అక్కతో మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన మంచివాడు, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని చెప్పాడు.

"ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదమ్మా. ఈ జబ్బు నాళాన్ని నొక్కితే కిడ్నీ చడీచప్పుడు లేకుండా పోతుంది. ముందే అనుమానం వచ్చి ఒక్క స్కాన్ తీసి ఉంటే కాపాడుకునేవాళ్ళం. పదకొండు మంది చూశారంటున్నారు, ఏడేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదా?"

"ఒక్కడికీ రాలేదండీ!" అంది అక్క. ఆవిడ గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. "ఒక్కడికీ రాలేదు. నేను చదివాను. అందరూ నొప్పి అని రాసి చేతులు దులుపుకున్నారు. ఎవర్నీ వదిలిపెట్టను."

అన్నంత పనీ చేయబోయింది. పదకొండు మంది మీదా ఫిర్యాదు రాయడానికి కూర్చుంది. ఫిర్యాదు కూడా గీత గీసినట్టు ఉండాలి కదా, అందుకని ప్రతి నోటూ ఎప్పుడు రాశారు, ఎప్పుడు దిద్దారు, పాత రూపం ఏమిటి, అన్నీ కావాలంది. మా యంత్రంలో చెరిపేసినదేదీ పోదు, అడుగున దాగి ఉంటుంది. సొంతవాళ్ళ ఫైలు మేం తెరవకూడదు. పాపాయి చేత సంతకం పెట్టించుకుని వచ్చి, "నువ్వు తెరవవే," అంది నాతో. నా వెనక నిలబడింది.

నంబరు కొట్టాను. పదకొండు నోట్లూ వరసగా వచ్చాయి. కొత్తదాని నుంచి పాతదానికి వెళుతున్నాను. దేనికీ పాత రూపం లేదు. మొట్టమొదటి నోటు దగ్గర చిన్న బాణం గుర్తు కనిపించింది. నొక్కాను.

"ఎండోమెట్రియోసిస్ అనుమానం. ఎడమ మూత్రనాళం మీద ఒత్తిడి ఉండవచ్చు. మూడు నెలల్లో కిడ్నీలకు స్కాన్ తప్పనిసరి. రోగి నొప్పిని తక్కువ చేసి చెబుతోంది, తేలిగ్గా తీసుకోరాదు."

దాని కింద చీటీ. చీటీ కింద పంపినవాళ్ళ ఉద్యోగి నంబరు. ఆ కింద దిద్దిన నోటు: "నెలసరి నొప్పి."

నాకు మెట్లు దిగి వచ్చిన పెద్ద డాక్టరమ్మ కళ్ళ ముందు కనిపించింది. ఒంటి వేలితో కొట్టిన ఆ టక్కు టక్కు కూడా. తెర కట్టేద్దామని చెయ్యి పోయింది. ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణంలో అబద్ధం చెప్పేద్దామనే అనుకున్నాను. ఆలస్యమైపోయింది. ఆవిడ చదవడంలో నాకన్నా ఎప్పుడూ వేగమే.

"ఆ నంబరు నాదే కదే," అంది.

నా భుజం మీదుగా ముందుకు వంగి ఆ నోటు మళ్ళీ చదివింది.

"రోగి నొప్పిని తక్కువ చేసి చెబుతోంది, అని రాసింది ఆవిడ. తక్కువ చేసి చెబుతోందట. నేనేమో ఎక్కువ చేస్తున్నావు అన్నాను."

ఏడవలేదు. కూర్చోలేదు కూడా. జడలోంచి పెన్సిలు తీసి నా బల్ల మీద పెట్టి, ఎందుకు తీసిందో తెలియనట్టు దాన్నే చూస్తూ నిలబడింది. నేను కుర్చీ లాగాను. "అక్కా, నంబరు తప్ప మనకేం కనిపిస్తుంది? నీకెలా తెలుస్తుంది చెప్పు?" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"ఎవరైతేనేమే? పాపాయి కాకపోతే ఇంకొకళ్ళ పాపాయి. ఏడేళ్ళలో నేను ఎన్ని పంపాను? నువ్వెన్ని పంపావు?"

మొదట్లో నేను వారానికి నలభై పంపేదాన్ని.

అక్కడి నుంచి నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఆ చీటీ ఈ రోజే ఆపేయండి, డాక్టర్లకు అనిపించింది రాసుకోనివ్వండి, కోడు సంగతి మనం చూసుకుందాం, ఎర్ర గుర్తులు పడితే పడనివ్వండి, అని చెప్పింది. జరిగింది దాచుకోకుండా చెప్పింది. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు, కాదనను.

"చాలా దారుణం జరిగిందమ్మా. కానీ ఆ చీటీ మన చేతుల్లో ఎక్కడుంది? మీ పద్ధతే బాగుందని రెండేళ్ళ కిందటే సాఫ్ట్‌వేర్లో పెట్టేశారు కదా. డాక్టరు ఆ మాట టైపు చేయగానే తెరే ఆపేస్తుంది. చెరిపితే గానీ ముందుకు పోనివ్వదు. మన యాజమాన్యం కిందున్న మిగతా మూడు ఆసుపత్రులూ తీసుకున్నాయి. ఇప్పుడు ఎవరికి చెప్పి ఆపిస్తాం?"

"నేను చెబుతాను. ఎవరికి చెప్పాలో చెప్పండి."

"కొన్నాళ్ళు సెలవు పెట్టండి. విశ్రాంతి తీసుకోండి," అన్నాడు.

గోడ మీద ఆవిడ గాజు పలక ఫోటో ఉంది. దాన్ని పీకి ఆయన బల్ల మీద కొట్టాలనిపించింది నాకు. ఏం లాభం? ఆ ఫోటోలో పళ్ళికిలించుకుని నేనూ ఉన్నాను.

మధ్యాహ్నం మూడింటికి వార్డులోకి రోగుల్ని చూడటానికి వదులుతారు. "పాపాయికి చెప్పాలి. నువ్వు నాతో రావే," అంది అక్క. ఇప్పుడు కాదు, కుట్లు మానాక చెప్పొచ్చు అని బతిమాలాను. వినలేదు. లిఫ్టులో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

పాపాయి దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, "ఏంటి, ఇద్దరూ ఆఫీసు ఎగ్గొట్టి వచ్చారు? పంతులమ్మకే క్రమశిక్షణ తప్పిందా?" అని నవ్వబోయి, కుట్లు లాగి ఆగిపోయింది. అక్క మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. ఆవిడ ఏమీ నాన్చలేదు. మొదటి రోజు ఆ పొడుగావిడకు అనుమానం వచ్చింది, రాసింది, నేనే చీటీ పంపి కొట్టేయించాను, నీదని తెలియదు, తెలియకపోవడం నాకు సాకు కాదు, అని వరసగా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ చెల్లెలి మొహం చూడలేక దుప్పటి అంచు మడత పెడుతూనే ఉంది.

పాపాయి దిండు మీదికి తల వాల్చింది. తర్వాత నా వైపు చూసింది.

"ఆవిడ రాసింది మీరు చూశారా చిన్నక్కా?"

"చూశాను."

"ఏం రాసింది?"

కాగితం తేలేదు. అక్కర్లేదు కూడా, ఆ నాలుగు వాక్యాలు నాకు చచ్చేదాకా గుర్తుంటాయి. చెప్పాను. ఆఖరి వాక్యం దగ్గర పాపాయి చెయ్యెత్తి ఆపింది.

"ఆ చివరిది మళ్ళీ చెప్పండి."

"రోగి నొప్పిని తక్కువ చేసి చెబుతోంది, తేలిగ్గా తీసుకోరాదు."

"నన్ను నమ్మిందన్నమాట," అంది పాపాయి. "మొదటి రోజే నమ్మింది." కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మొహంలో ఏదో సంతోషంలాంటిది. అది చూడటం కన్నా ఆ పిల్ల మమ్మల్ని చెడామడా తిట్టి ఉంటే బాగుండేది.

"నన్ను క్షమించమని అడగనే," అంది అక్క. "అడిగే మొహం లేదు నాకు. నువ్వు ఏదైనా అను. తిట్టు. ఏదో ఒకటి అను పాపాయ్."

"ఏమనను అక్కా? చీటీ సంగతి వదిలెయ్, అది ఎవరిదో నీకు తెలియదు." గొంతు చాలా మెల్లగా ఉంది, కోపం లేదు. "ఆ రోజు నేను కాగితాలు తెచ్చి నీ ముందు పెట్టాను చూడు. అప్పుడు ఎదురుగా కూర్చున్నది నేనే కదా. నువ్వు పదకొండూ చదివి ఏమీ లేదన్నావు. ఆ రోజు నుంచీ నొప్పి వచ్చినప్పుడల్లా, నేనే నాటకమాడుతున్నానేమో అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. డాక్టర్లు చెబితే నమ్మేదాన్ని కాదక్కా. నువ్వు చెప్పావు. నువ్వు చెప్పింది నేను నమ్మని రోజు ఎప్పుడైనా ఉందా?"

అక్క దుప్పటి అంచు వదిలేసింది. పాపాయి మెల్లగా గోడవైపు తిరిగి పడుకుని, "నిద్రొస్తోంది, వెళ్ళండి" అంది. నర్సు వచ్చి చూసేవాళ్ళ సమయం అయిపోయిందని చెప్పేదాకా అక్క ఆ స్టూలు మీదే కూర్చుంది. పాపాయి నిద్రపోలేదని మా ఇద్దరికీ తెలుసు.